ఆఖరి పేజీలు లేని పుస్తకాలు

నిజాం సర్కారు బడిలో చదువంతా ఉర్దూలోనే సాగే రోజుల్లో, ఆడపిల్లలకు తన ఇంట్లో తెలుగు నేర్పిన పంతులమ్మ పాలమూరుకు వెళ్లిపోతున్నది. ఆమెను సాగనంపడానికి శిష్యురాళ్లిద్దరు ఆలేరు స్టేషన్ బయట నిలబడి ఉన్నారు.

"దండ నువ్వే వెయ్యి అక్కా. ఆమె ముద్దుల శిష్యురాలివి నువ్వే గదా."

"గదేం మాటనే? నీకు గూడ చదువు చెప్పింది గదా."

"చెప్పింది. నీకేమో మంచి పుస్తకాలు, నాకేమో చినిగినయి. ఒక్క కథకన్న ఆఖరి పేజీ ఉన్నదా? గొర్లు కాసేటోళ్ల బిడ్డకు గవే చాలనుకున్నది."

"మరి కథ ఏమైందో ఎట్ల తెలిసేది?"

"తెలిసుడేంది? మనసాగక నేనే రాసేదాన్ని. పాత సర్కారు కాయితాల వెనుక రాసి, పుస్తకంల పెట్టి వాపసిచ్చేదాన్ని. ఒక్కనాడన్న బాగున్నదన్నదా?"

"నిన్న ఆమె పెట్టె నేనే సర్దిన. నీ కాయితాలన్నీ వరుసగ కుట్టి దాచుకున్నది."

"నిజంగనా?"

"వాటి కిందనే ఆ పుస్తకాల ఆఖరి పేజీలున్నయి. చినిగినయి కావే. దారం విప్పి ఆమెనే తీసింది."

"అంటే నాతోని రాయించేటందుకేనా?"

"ఔ. నాకు మాత్రం ఒక్క పుస్తకం గూడ గట్ల ఇయ్యలే. అన్నీ పూర్తిగ ఉన్నయే ఇచ్చింది."

"అక్కా, ఏడుస్తున్నవా?"

"లే. అగో, టాంగా వస్తాంది. దండ నువ్వే వెయ్యి. ఆ పెట్టె నేను మోస్త."