ఫుసాయో ఇంటి కింద కంచె

షిమానె కొండల్లో ఒక ఊరు, మార్చి నెల పొద్దున. కొండ వాలు మీద ఫుసాయో పెరడు. కంచె పాతుతున్నది ఊరి సంఘం పెద్ద హిసాషి.

"ఏం హిసాషీ, కంచె పైన ఆ వంపు నా వంటింటి వైపు తిరిగిందేం?"

"అది అలాగే ఉండాలి ఫుసాయో అక్కా. అడవిపంది ఎటునుంచి వస్తుందో అటు వంచాలి. ఎగరబోతే మూతికి తగులుతుంది."

"అదే అడుగుతున్నా. పంది నా వంటింట్లోంచి వస్తుందా?"

"అబ్బే, అలా అని కాదు..."

"పొద్దున మొహం కడుక్కుని అద్దంలో కూడా చూసుకున్నాను. నా కంటికైతే మనిషిలాగే ఉన్నాను."

"అక్కా, ఆ ఇనప వల కాస్త పట్టుకుంటారా? వాలు మీద జారిపోతోంది."

"నన్ను బయటపెట్టే కంచెకి నేనే సాయం పట్టాలా? బాగుందయ్యా! ఇంకా నయం, గుంజలు కూడా నన్నే పాతమన్లేదు."

"నాలుగు గుంజలే కదక్కా పాతింది. ఇంకా..."

"చూశాలే ఆ నాలుగూ. నేల ఎటు వాలితే అవీ అటే వాలాయి. పొద్దున్నే తాగొచ్చావా ఏమిటి? నేల ఎంత వాలినా గుంజ నిట్టనిలువుగా ఉండాలి."

"కింద రాయి తగులుతోంది. దిగట్లేదు."

"మరి ఇదేమిటి? ఈ రెండు వలల కింద ఇంత సందు. నేల దిగింది, వల దిగలేదు. పంది పిల్లల్ని వెంటేసుకుని, మేళతాళాలతో వెళ్ళొచ్చు ఇందులోంచి."

"వాలు మీద అంతేనక్కా. మెట్లు మెట్లుగా దించుకుంటూ పోవాలి. ఆ సందులకి విడిగా ముక్కలు కోసి తీగతో కడతాం. టౌను ఆఫీసువాళ్ళు వలలతో పాటు ఇచ్చిన పుస్తకంలో బొమ్మ వేసి మరీ ఉంది."

"నా ఇల్లు బయట ఉండాలని కూడా ఆ పుస్తకంలో ఉందా?"

"పుస్తకంలో లేదు. మ్యాపులో ఉంది."

"ఏ మ్యాపు?"

"మన ఊరి కంచె మ్యాపు. ఊరంతా లోపలికి వచ్చేలా... అంటే, దాదాపు ఊరంతా..."

"ఊళ్ళో ఇళ్ళెన్ని?"

"పదకొండు."

"కంచె లోపల ఎన్ని?"

"అక్కా, టీ ఏమైనా ఉందా?"

"ఉంది. ముందు లెక్క చెప్పు."

"పది."

"శభాష్. ఇదిగో టీ. ముల్లంగి ఊరగాయ కూడా తెచ్చాను, తిను. వల కట్టేశాక ఈ కప్పు ఆ కన్నాల్లోంచి దూరదు. ఇదే ఆఖరు కప్పు అనుకో."

"అలా అనకండక్కా. తలుపు పెడతాం. చిన్న ఇనప తలుపు. మీరు ఎప్పుడు కావాలంటే అప్పుడు రావచ్చు, వెళ్ళొచ్చు."

"ఎంత దయ! పుట్టి బుద్ధెరిగిన ఊళ్ళోకి నేను తలుపు తట్టి రావాలన్నమాట. గొళ్ళెం మీ వైపేగా?"

"పందులు తీసెయ్యకుండా..."

"ఆఁ, పందులూ, ఫుసాయో. ఇద్దర్నీ కలిపే చూసుకుంటున్నారు."

"మీరు ప్రతిదానికీ అలా అంటే నేనేం చెప్పను?"

"ఏం చెప్పకు. విను. పోయిన ఏడాది పందులు చిలగడదుంప ఒక్కటి మిగల్చలేదు. రాళ్ళు పేర్చిన గట్టు దొర్లించేశాయి. నవంబర్లో ఒకటి వంటింటి తలుపు దగ్గర నిలబడింది. ఇంత దూరం, నీకూ నాకూ ఉన్నంత. నేను గరిటె పట్టుకుని అరుస్తున్నాను, అది వింటోంది. అప్పటికి మా ఆయన బతికే ఉన్నాడు, మంచంలోంచే కేకలేశాడు. ఇప్పుడు నేనొక్కదాన్ని. అప్పుడంటే పందులు పదకొండు ఇళ్ళూ పంచుకునేవి. ఇప్పుడు పది ఇళ్ళకి కంచె కడుతున్నావు. మరి ఆ పందులన్నీ ఎక్కడికి పోతాయి హిసాషీ?"

"కింద లోయ వైపు పోతాయేమో."

"ఆఁ, నువ్వు చిరునామా రాసిస్తే పోతాయి. నాకు భయంగా ఉంది. ఉన్నమాట చెప్తున్నాను, ఇక్కడ పడుకోవాలంటేనే భయంగా ఉంది."

"అక్కా, కంచె మీ ఇంటికి ఎగువనుంచి వెయ్యాలంటే ఇంకో ముప్పై గుంజలు పడతాయి. పైనంతా రాయి. వాలు కూడా నిలబడనివ్వదు. ఊళ్ళో అరవై దాటనివాడు ఒక్కడు లేడు. కిందనుంచైతే గీత తిన్నగా పోతుంది."

"తిన్నగానే పోతుంది. నన్ను తీసేస్తే అన్నీ తిన్నగానే పోతాయి. సరే, ఇంత తిన్నని గీత గీసిన మహానుభావుడెవరు? పేరు చెప్పు, వెళ్ళి దణ్ణం పెట్టొస్తాను."

"ఎవరో ఒకరని ఏముంది? సంఘం మొత్తం..."

"సంఘం మొత్తం ఒకే పెన్సిల్ పట్టుకుందా?"

"టౌను ఆఫీసు కుర్రాడు ఉన్నాడుగా, అతనూ..."

"ఏడిశావులే. ఆ కుర్రాడికి మన ఊరి దారే తెలీదు. వచ్చిన రెండుసార్లూ కారు తీసుకెళ్ళి సమాధుల దగ్గర ఆపాడు. వాడా నా ఇంటి కిందనుంచి గీత గీసింది?"

"సంఘంలో యమనె కూడా కొంచెం..."

"యమనె తన పొలం గట్టు ఎక్కడుందో కూడా వాళ్ళావిణ్ణి అడుగుతాడు. నీళ్ళు నమలకు హిసాషీ."

"ఎవరు గీస్తే ఏముందక్కా ఇప్పుడు? వదిలెయ్యండి."

"వదలను. చెప్తే ఏమవుతుంది?"

"మీకు బాధ కలుగుతుంది."

"పందులొచ్చి గుమ్మంలో పడుకుంటే పండగలా ఉంటుందా? చెప్పు."

"మీ ఆయన. తొకుజి అన్నయ్యే గీశారు. పోయిన అక్టోబర్లో. అప్పుడు సంఘం పెద్ద ఆయనే కదా. హాల్లో మీటింగు పెట్టి, మ్యాపు పరిచి, ఎర్ర పెన్సిల్‌తో... అందుకే చెప్పనన్నాను. జనవరిలో ఆయన పోయారు, ఇప్పుడు నేనొచ్చి మీతో ఆయన మీదే చెప్పాలా?"

"గీసి ఏమన్నాడు?"

"'మా ఇల్లు బయటున్నా పర్వాలేదు' అన్నారు."

"మీరేమన్నారు?"

"ఏమీ అన్లేదు."

"పదిమంది కూర్చుని?"

"అందరం టీ కప్పుల్లోకి చూసుకున్నాం. తొమ్మిదేళ్ళు ఊరిని నడిపిన మనిషి అక్కా. ఆయన గీసిన గీత తప్పని నలుగురిలో అంటే ఆయన పరువేం కాను? యమనె అంటాడేమోనని నేను చూశాను. నేనంటానేమోనని యమనె చూశాట్ట."

"ఇద్దరూ ఒకరి మొహం ఒకరు బాగా చూసుకున్నారన్నమాట. తర్వాత?"

"ఆయన మళ్ళీ అన్నారు. 'మా ఇల్లు బయటున్నా పర్వాలేదు' అని. కొంచెం గట్టిగా."

"అప్పుడు?"

"అందరికీ బాగానే వినపడింది. ఎవరూ మాట్లాడలేదు. మూడోసారి కూడా అన్నారు."

"మూడోసారి కూడా!"

"మూడోసారి అన్నప్పుడు... మేం చప్పట్లు కొట్టాం. అక్కా? ఏడుస్తున్నారా?"

"నవ్వొస్తోంది. కాదులే, ఏడుపే. ఆ రోజు ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలో కూర్చున్నాడు. 'ఏమైంది' అంటే 'చప్పట్లు కొట్టారు' అన్నాడు. అంతే, ఇంకేం మాట్లాడలేదు."

"ఆగండాగండి. అంటే మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి ఇందాకట్నుంచీ ఎవరా మహానుభావుడు, పేరు చెప్పు, దణ్ణం పెట్టొస్తానని నన్ను నంజుకు తింటున్నారు?"

"మీలో ఒక్కడి నోటితోనైనా వినాలనిపించింది. ఆయన పేరు చెప్పడానికి అంత నలిగిపోయావు, సంతోషం. కానీ ఆయన్నెందుకు దాస్తావు? అలా గీయమన్నది నేనే."

"మీరా!"

"నేనే. పెన్సిల్ పట్టుకుని వంటింట్లో కూర్చుని ఒకటే మథనపడ్డాడు. ఇంటి పైనుంచి గీస్తే, పెద్ద తన కొంప కోసం ఊరందరి చేతా ముప్పై గుంజలు పాతించుకున్నాడంటారని. దానికింత ఆలోచన ఎందుకు, కిందనుంచి గీసెయ్యండి, 'అయ్యో అదేమిటండీ' అని వాళ్ళే లాక్కుంటారు లోపలికి, మర్యాదగానూ ఉంటుంది, పనీ అవుతుంది అన్నాను. నా తెలివి మండిపోనూ."

"మేం..."

"పోయేదాకా కాచుకున్నాడు హిసాషీ. మంచంలో ఉండి, తలుపు చప్పుడైతే చాలు, చొక్కా గుండీలు పెట్టుకునేవాడు. సంఘం తరఫున ఎవరో వచ్చారేమో, గీత మార్చమంటారేమో అని. చూస్తే పాలవాడు. పోస్టువాడు. ఒకసారి నువ్వే వచ్చావు."

"పుట్టగొడుగులు తెచ్చాను."

"అవును, పుట్టగొడుగులు తెచ్చావు. బాగున్నాయి."

"అక్కా... ఆ రోజు గుమ్మంలో నిలబడి చెప్దామనే అనుకున్నాను. ఒంట్లో బాగోలేని మనిషిని పట్టుకుని మీ గీత తప్పంటానా అని, పుట్టగొడుగులిచ్చి వెళ్ళిపోయాను."

"ఆ సంచి తీసుకుని చాలాసేపు చూశాడు. లోపల కాగితం ఏమైనా ఉందేమో అని."

"ఇప్పుడు చెప్తున్నానక్కా. ఈ నాలుగు గుంజలూ పీకేస్తాను. కంచె మీ ఇంటి పైనుంచే వేద్దాం. ఆదివారం అందర్నీ పిలుస్తాను. రాయైనా సరే, పగలగొడదాం."

"అయ్యో, వద్దులే. నా ఒక్కదాని కోసం ముప్పై గుంజలా? ఈ వయసులో మీకెందుకా శ్రమ."

"పర్వాలేదక్కా."

"వద్దు, వద్దు. నడుములు పట్టేస్తాయి అందరికీ. నాకేం, ఎలాగో సర్దుకుంటాను."

"అంతేనంటారా?"

"అంతేలే."

"సరేనక్కా. మీరింతగా చెప్తున్నప్పుడు ఇంకేమంటాను? కప్పు ఇదిగో. సుత్తి అందుకుంటాను, మిగతా గుంజలు పాతెయ్యాలి."

"హిసాషీ."

"ఆఁ?"

"ఆ సుత్తి కింద పెట్టు."

"పెట్టాను."

"ఇంకోసారి అడుగు. ఈసారి ఒప్పుకుంటాను."