ఏం కాదులే

పరాయి దేశంలోని వెర్రిబీ ఊళ్ళో, ఫుట్‌బాల్ మైదానంలో ఆటగాళ్ళకు నీళ్ళందించి గీత బయటికి వచ్చిన పక్కింటి అమ్మాయి వాడిన ముఖం చూసి, ఎలాగైనా నవ్వించాలనుకున్నాడు పెద్దాయన.

"నిన్న మా ఇంటికి కుంటుతూ వచ్చినవాణ్ణొకణ్ణి పరుగెత్తించి పంపాను తల్లీ, ఏ లైసెన్సూ లేకుండా!"

"నాకు ఫిజియో లైసెన్సు రాలేదంకుల్. పరీక్షలో పేషెంటు భయపడుతుంటే, మన అలవాటుకొద్దీ 'ఏం కాదులే' అన్నాను ఇంగ్లీషులో. కాలు చూడకుండానే భరోసా ఇచ్చానని ఫెయిల్ చేశారు."

"ఈ దేశంలో అందరూ 'నో వర్రీస్' అనేవాళ్ళేగా!"

"వాళ్ళకు లైసెన్సుందంకుల్. నేను గుంటూరులో కబడ్డీ జట్టుకు ఫిజియోగా చేసినదాన్ని, ఇక్కడ నీళ్ళు మోస్తున్నా. ఇంతకీ మీరెలా బాగుచేశారు?"

"మా కుక్కను విప్పాను."

ఆమె నవ్వలేదు.

"సరే, కుక్క నిజం, పరుగు నిజం. వాడు కుంటడమొక్కటే కల్పించాను."

"అదిగో, మైదానంలో ఆ కుర్రాడు కుంటడం నిజం. ఫిజియోనని చెప్పి ఆ కాలు పట్టుకునే హక్కు నాకు లేదంకుల్."