కిడికి లేని అర్రలు

హలో… ఆ, నేనే అన్నా, నాగేశ్వరిని. నా ఫోన్ మెట్ల మీద పడి పగిలింది. ఇది మన వంట సైదమ్మ ఫోన్. ఇన్ని గంటల సంది చేస్తున్న, ఇప్పుడు కలిసింది.

…ఆ, బతికే ఉన్న. మలక్‌పేట దిక్కు దవాఖానల ఉన్న.

…నాకేం గాలే. చెయ్యి తెగింది, కుట్లేసిండ్రు. వీపు మీద ఒక్కటి పడ్డది, గంతే. నా ముచ్చట ఇడిసిపెట్టు. విజయదుర్గ లోపటున్నది. ఆక్సిజన్ పెట్టిండ్రు.

…ఏ విజయదుర్గ అంటే? మన హాస్టల్ పిల్లనే, లింగస్వామన్నా! నడిమి అర్రల ఉండే తెనాలి పిల్ల. కోచింగ్‌కు వచ్చింది. ఆయాసం ఉన్నదని చేర్చిన నాడే వాళ్ల నాయిన నీకు చెప్పిండు గద…

…చెప్త, చెప్త. మొదటికెళ్లి చెప్త. నువ్వు ముందుగాల ఆ ధర్నా మైకుకు జర దూరం జరుగు. ఎల్బీనగర్ మొత్తం నా చెవుల మొత్తుకుంటున్నట్టున్నది.

…ఆ, ఇప్పుడు వినవడుతున్నది.

పగటీలి పిల్లలకు అన్నం పెడుతున్నం. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దిక్కెళ్లి ఊరేగింపు వస్తున్న చప్పుడు. జై తెలంగాణ, జై తెలంగాణ… ముందుగాల ఎవడు రాయి ఇసిరిండో నాకు తెల్వది. రాళ్లు, లాఠీలు… గల్లీ అంత ఉరుకుడే. పోరగాండ్లు కొంతమంది మన మెట్లల్లకు జొచ్చిండ్రు. వాళ్లెనుక పోలీసులు.

…లోపటికే! ఆడపిల్లల హాస్టల్ సార్ అని మొత్తుకున్న. రెండు చేతులు అడ్డం పెట్టిన. ఇంటరా వాళ్లు? మెట్ల మీదనే కొట్టిండ్రు. పడ్డోన్ని మళ్ల మళ్ల కొట్టిండ్రు అన్నా. ఒక పోరని నెత్తి గోడకు తాకి… చెప్పవశం గాదు. గోడ మీద ఆ నెత్తురు ఇంక గట్లనే ఉన్నది.

…అప్పుడే ఏసిండ్రు టియర్ గ్యాస్. కిందికెళ్లి కొట్టిండ్రో, మెట్లల్ల ఇసిరిండ్రో… అది పొగ కక్కుకుంట, దొర్లుకుంట మన గుమ్మంలకొచ్చింది.

ఇంకో ఇల్లయితే ఏం జేస్తరు? కిడికి తెరుస్తరు. మనకు కిడికేదన్నా?

…కోపం గాదు, అడుగుతున్న. పెద్ద హాలు ఉండె. ముందట బాల్కనీ, ఎనుక రెండు కిడికిలు. నువ్వు చెక్కలు కొట్టిచ్చి హాలంత అర్రలు చేస్తివి. బాల్కనీకి రేకు కొట్టి అదొక అర్ర చేస్తివి. కిడికిలకు ఇటుకలు పెట్టిచ్చి మంచాలేస్తివి. పట్టపగలు లైటేసుకొని ఉంటరు పిల్లలు. పొద్దెక్కిందో గూకిందో తెల్వది. నెత్తి నొస్తదని గోలీలు మింగుడు, నిద్ర పట్టక గోడకొరిగి కూసునుడు, చిన్న మాటకే జుట్లు పట్టుకునుడు… విజయదుర్గయితే పుస్తకం తీసుకొని మెట్ల మీదికొచ్చి కూసునేది. ఎందుకమ్మా అంటే, ‘లోపల గుండె మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటోందండీ’ అనేది. నీకు చెప్పిన గద. ‘చదువుకునేటందుకు వచ్చిండ్రు, బయట చూసేటందుకు గాదు’ అన్నవ్.

…అనలేదా? సరే, అనలేదు తీయి.

ఇగ ఇను. మెట్ల మీద లాఠీలు. లోపట పొగ. పిల్లలు ఏ దిక్కు పోతరు? చెక్కలను గోళ్లతోని గీరిండ్రు అన్నా. కండ్లు కనవడయి, గొంతుల కారం పోసినట్టు… ఒకరి మీద ఒకరు పడ్డరు. అమ్మా అని ఒకతి, నాగక్కా అని ఒకతి. నేను వంటింట్లకెళ్లి రోకలి తెచ్చిన.

…ఆ, కారం దంచే రోకలే. చెక్కలు ఊకెనే పోయినయి, గంత పలుచటివి. ఇటుకలు పోలే. నేనొక దెబ్బ, సైదమ్మొక దెబ్బ. ఊపిరి అందుతలేదు. గప్పుడే ఎనుకకెళ్లి వీపు మీద పడ్డది లాఠీ.

…కానిస్టేబులు. నేను తిరిగి రోకలి ఎత్తిన. గోడకు గాదు, ఆయన నెత్తికే ఎత్తిన. కొట్టాలనే ఎత్తిన అన్నా, అబద్ధమెందుకు… చంపుతుంటినేమో.

…లేదు, కొట్టలే. ఆయన దగ్గుకుంట మోకాళ్ల మీద పడ్డడు. కక్కుకుంటున్నడు. ‘అక్కా, దారేది, దారేది’ అంటున్నడు. మన నల్లగొండ మాటనే. దారి లేదు, చేస్తున్న అన్న. పక్కకు నూకి, మళ్ల గోడనే కొట్టిన.

ఒక్క ఇటుక కదిలింది. వెలుతురొచ్చింది. ఎనుకింటోళ్ల డాబా మీద ఆరేసిన చీర కనవడ్డది… ఇగ చేతులతోనే గుంజిన మిగిలినయి. గా బొక్క కాడ మూతులు పెట్టిండ్రు అందరు. మన పిల్లలు, ఆంధ్ర పిల్లలు, దెబ్బలు తిన్న పోరగాండ్లు, ఆఖరికి గా పోలీసాయన. ఒకరి భుజం మీదికెళ్లి ఒకరు.

విజయదుర్గ లేదని నాకు సోయి లేదు. సైదమ్మ యాది చేసింది. ఉరికితే… మంచం కిందికి దూరింది పిల్ల. దుప్పటి మూతికి కుక్కుకున్నది. పెదవులు నీలం. గుంజితే చెయ్యి వేలాడింది. గా కానిస్టేబులే భుజానేసుకొని దిగిండు, మెట్ల మీద ఉన్న తన వాళ్లనే తిట్టుకుంట.

…డాక్టర్లు ఏం చెప్తలేరు. తెల్లారేదాక చూడాలంటున్నరు.

…ఏంది, టీవీవాళ్లా? తీసుకరా. పోలీసుల జులుం చూపియ్యాలె, అవును. నా వీపు చూపిస్త, మెట్ల మీది నెత్తురు చూపిస్త. వాళ్లు చేసింది ఎందుకు దాస్త?

…ఏమన్నవ్? మళ్ల అను.

…మేస్త్రీని తోలినవా? ఇప్పుడే? …టీవీవాళ్లు వచ్చేలోపట కిడికి మళ్ల బంద్ చేసి… చెక్కలు పోలీసులే లాఠీలతోని పగలగొట్టిండ్రని నేను చెప్పాల్నా?

…చెప్ప.

…ఉద్యమం పేరు ఖరాబైతదా? నేను గూడ రోడ్డు మీద పొయ్యి పెట్టి వంటావార్పు చేసిన మనిషినే. మన తెలంగాణ మనకు రావాలె. కానీ చెక్కలు పోలీసులు పగలగొట్టలే, నేను కొట్టిన. కిడికి పోలీసులు మూయలే, నువ్వు మూసినవ్. గ్యాస్ వాళ్లు ఏసిండ్రు. అన్నీ చెప్త. ఒక్కటి చెప్పి ఒక్కటి మింగ.

…సైదమ్మకు చెప్తవా? ఎట్ల చెప్తవ్, ఆమె ఫోన్ నా చేతిలనే ఉన్నది. ఆమె హాస్టల్ గుమ్మంల కూసున్నది. మేస్త్రీని మెట్టు ఎక్కనియ్యది.

…చెల్లెనే. నీ చెల్లెనే అన్నా. గందుకే టీవీవాళ్ల కంటె ముందు నీకు చెప్తున్న.

…ఆగు. ఒక్క నిమిషం ఆగు. ఎవరో వస్తున్నరు… ఇటండీ, ఇటు… అన్నా, రామారావు గారు. విజయదుర్గ వాళ్ల నాయిన. దవాఖానల ఉన్నదని పిల్లలే ఫోన్ చేసిండ్రట. బాటసింగారం కాడ బస్సు ఆపిండ్రట. అక్కడికెళ్లి నడిచి, ఎవరిదో బండెక్కి, ఎట్లెట్లనో వచ్చిండు. కాళ్లకు చెప్పులు గూడ లేవు.

…లోపటున్నదండీ. ఊపిరి ఆడుతున్నది. ఇప్పుడే పోనియ్యరు, ఆగుండ్రి… ఆ, ఫోన్లనా? మా అన్నండీ, హాస్టల్ లింగస్వామి… మాట్లాడుతరా?

అన్నా, ఆయన అడుగుతున్నడు. మా అమ్మాయికి ఏమైందండీ అని అడుగుతున్నడు. హాస్టల్ నీది. పిల్లను నీకు అప్పజెప్పి పోయిండు. నువ్వే చెప్పు… ఇస్తున్న ఆయనకు…

…హలో?

…అన్నా?

లైన్ల లేడండీ. పెట్టేసిండు.

కూసోండి. జర నీళ్లు తాగుండ్రి… నేను చెప్త. ఏమైందో అంత నేనే చెప్త.