మూల గది

పెళ్ళికి పై ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు లాడ్జిలో గదులు పంచుతున్న మరిది ముందు, వదిన తన తాళంచెవి తెచ్చి బల్ల మీద కొట్టినట్టు పెట్టింది.

“నాకు మూల గది ఎందుకిచ్చావు?”

“చప్పుడుండదని, వదినా. అన్నయ్య పోయాక నిద్ర పట్టడం లేదన్నావుగా.”

“అందుకని మూలన పడేస్తావా? గురకరాయుళ్ళని ఎక్కడ పెట్టావు?”

“కింద హాల్లో. ఇదివరకు పెళ్ళిళ్ళలో అన్నయ్యని పెట్టినట్టే, అందరికీ దూరంగా.”

“హాలు పక్క గది ఎవరిది?”

“ఖాళీ. అందులో పడుకోమంటే ఒక్కరూ ఒప్పుకోలేదు.”

“దాని తాళంచెవి ఇవ్వు.”

“గోడలు అదిరిపోతాయి, వదినా. కునుకు కూడా పట్టదు.”

“ముప్పై ఏళ్ళు ఆ మోత పక్కనే పడుకున్నాను. ఏడాదిగా అది లేకే నిద్ర పట్టడం లేదు. నా మంచి కోరడం మానేసి, ఆ తాళంచెవి ఇటు పడెయ్.”