గాలికి రాసిచ్చిన పొలం

నందిగామ దాటాక హైవే పక్కన, ఏసీల్లేకుండా కట్టిన కంపెనీ ఆఫీసు. వచ్చే నెల తెరుస్తారు. మొదటి అంతస్తులో, దక్షిణం కిటికీ దగ్గర, ప్లాను గీసిన అపూర్వ, వెనక పొలం రైతు మోజెస్.

“అంతా ప్రేమదాసు చేసింది మేడమ్. సొంత బామ్మర్ది. హైవే వైపున్న వాడి పొలం మీ కంపెనీకి అమ్ముకున్నాడు. ఇరవయ్యేళ్లు వాడి గట్టు మీదే నడిచా నా చేలోకి. దారి వదలమని మీవాళ్లతో ఒక్క మాట అన్లేదు. ఇప్పుడు కంచికచర్లలో మూడంతస్తులు లేపాడు. గదిగదికీ ఏసీ.”

“దారి కంపెనీ ఇచ్చింది కదండీ.”

“ఊరికే ఇచ్చిందా? అగ్రిమెంటు మీద సంతకం పెట్టించుకుని ఇచ్చింది.”

“కూర్చోండి మోజెస్‌గారూ. ఎండన పడి వచ్చారు.”

“నిలబడతాలెండి. బాగుంది గాలి. ఫ్యాను కూడా లేదే.”

“అక్కర్లేదు. అందుకేగా ఇటంతా కిటికీలు పెట్టింది. మీ పొలం మీంచి గాలి చల్లగా లోపలికొస్తుంది, వేడంతా పైన వెంటిలేటర్లలోంచి పోతుంది. కరెంటు బిల్లు సగం కూడా...”

“అది సరే. నన్నెందుకు పిలిచారు? ఫోన్లో మీ ఆఫీసాయన గొంతు మెత్తగా ఉంది. పొలం కొంటారేమో అనుకుని వచ్చా.”

“కొనడం గురించి కాదండి.”

“మరి?”

“మంగళవారం మిరపకి మందు కొట్టారు కదా.”

“కొట్టా. ఆకుముడత తగిలింది.”

“ఆ వాసన మొత్తం లోపలికొచ్చింది. కంపెనీ పెద్దలు చూడ్డానికొచ్చిన రోజే. ఒకావిడ వాంతి చేసుకుంది.”

“కిటికీలు మూసుకోపోయారా?”

“మూస్తే లోపల ఉండలేరండి.”

“అయితే ఏసీలు పెట్టించుకోండి.”

“వాటికి సరిపడా వైరింగే వేయలేదు. వేయనివ్వలేదు నేను. రెండేళ్లు కొట్లాడా దాని కోసం.”

“అంటే నన్ను మందు కొట్టద్దంటారు.”

“వేపనూనె కొట్టుకోవచ్చుగా. సేంద్రియం నేర్పించడానికి మనిషిని పంపిస్తాం.”

“వేపనూనెకి పోయే పురుగు కాదమ్మా అది. పెనుగంచిప్రోలు వెళ్లి ఏ మిరప రైతునైనా అడగండి. సరే, మిరప మానేస్తా. గొడవే వద్దు.”

“పత్తి వేస్తారా?”

“పత్తికి మందు కొట్టరా?”

“ఓ. అవును.”

“సుబాబుల్ వేస్తా. మందక్కర్లేదు, మనిషక్కర్లేదు. మూడేళ్లకి నరికి కాగితం మిల్లుకి తోలుకుంటా.”

“అది ఎంత ఎత్తు పెరుగుతుందండి?”

“మీ కిటికీ దాటుద్ది.”

“మోజెస్‌గారూ... అగ్రిమెంటులో ఉంది కదండీ.”

“ఏముంది?”

“మీ పొలంలో గాలికి అడ్డంగా నాలుగడుగులు మించి ఏదీ ఉండకూడదని.”

“చెట్టు కూడానా? కట్టడాలనుకున్నా.”

“ఏదైనా అని ఉంది.”

“సంతకం పెట్టేటప్పుడు మీ లాయరు ఏమన్నాడో తెలుసా? నాలుగడుగుల మిరప మొక్క ఎక్కడుంది బాబాయ్, నీకేం పోద్ది అన్నాడు. నవ్వాడు. నేనూ నవ్వా.”

“ఆ రోజు నేను లేనండి.”

“మీరు లేరు. మీరు గీసిన బొమ్మ ఉంది.”

“గడ్డి వేసుకోండి. గేదెల్ని పెట్టుకుంటే పాల మీద...”

“గేదెలు వాసన రావూ?”

“అంటే... గేదెలు ఇక్కడ కాకుండా...”

“గడ్డి ఇక్కడ, గేదెలు ఎక్కడో ముక్త్యాలలో. ఎందుకొచ్చిన శ్రమ, నేనూ మా ఆవిడ సౌభాగ్యమ్మా మేస్తాంలెండి.”

“అలా అనకండి.”

“ఎలా అనమంటారు? గోడౌను కట్టుకుంటానని పేట నుంచి వీరరాఘవయ్యగారొచ్చాడు. రేటు తెగింది. అడ్వాన్సు తీస్తూ తీస్తూ, కాగితాలేవన్నా ఉన్నాయా అన్నాడు. మీ అగ్రిమెంటు చూపించా. టీ కూడా తాగకుండా స్కూటరెక్కాడు.”

“మీ ఇబ్బంది కంపెనీవాళ్లతో చెప్తా.”

“ముప్పయ్యేళ్లు రాయించుకున్నారు మేడమ్. నాకిప్పుడు యాభై రెండు. ఆ ముక్క కొట్టేయించండి చాలు.”

“కొట్టేస్తే రేపు మీరు కాకపోతే ఇంకొకరు గోడ లేపుతారు. ఈ బిల్డింగు ఊపిరాడక చస్తుంది.”

“నాకాడుతోందా?”

“నాకు తెలుసండి.”

“తెలిస్తే కొనెయ్యమనండి. వీరరాఘవయ్య చెప్పిన దాంట్లో సగానికే ఇస్తా. ఆ డబ్బుతో ఎక్కడో ఇంత చెలక కొనుక్కుని నా పంట నేను పండించుకుంటా.”

“అడిగానండి.”

“ఏంటి?”

“నెల కిందటే అడిగా. మీరడక్కుండానే.”

“ఏమన్నారు?”

“వదిలేయండి.”

“వదిలేయడానికి ఏముందమ్మా నా దగ్గర? ఏమన్నారో చెప్పండి.”

“మనక్కావల్సింది గాలి, అదొచ్చేసింది, ఇక మట్టికి డబ్బులెందుకన్నారు.”

“అలాగన్నారా.”

“మోజెస్‌గారూ, ముందు కూర్చోండి. మంచినీళ్లు తెప్పిస్తా.”

“వద్దులెండి. సౌభాగ్యమ్మకి ఏం చెప్పాలా అని చూస్తున్నా. అమ్మలేదు, ఎవరూ లాక్కోలేదు, పాసుపుస్తకం బీరువాలోనే ఉంది. పోయింది మాత్రం నా పొలం మొత్తం, ఎకరం ముప్పై రెండు సెంట్లు.”