ట్యాబ్‌లో లేని సున్నా

బేస్‌బాల్ ఆటలో తొమ్మిదింటికి ఏడో ఇన్నింగ్స్ ముగిసింది. అయోవా ఎండలో బంతులు విసిరే పిచర్ ఒక్కడే బెంచీ చివర, తన బంతుల లెక్కలు చూపే ట్యాబ్‌లో తల దూర్చి కూర్చున్నాడు. మిగతా జట్టంతా దూరంగా జరిగిపోయింది. నీళ్ల సీసా కోసం అటు వచ్చిన క్యాచర్, అతని బంతులు పట్టేవాడు, దొరికిపోయాడు.

“ఒరేయ్, ఇది చూడు. పోయిన వారం కంటే బంతి తక్కువ తిరుగుతోంది.”

“తిరక్కపోతే పోనీ. నాతో మాట్లాడకు.”

“ఇవాళ ఎవరూ నాతో మాట్లాడరేంరా? సరే, ఈసారి పట్టు మార్చి వేస్తా.”

“వేలు కదిపావంటే చంపేస్తా! ఎలా వేస్తున్నావో అలాగే వెయ్యి.”

“లెక్కలు బాగాలేవంటుంటే! మార్చకూడదని ఒక్క కారణం చెప్పు.”

“చెప్పకూడదురా బాబూ! ఆ మాట పిచర్ ముందు ఎవడైనా అంటాడా? అంటే దిష్టి కొట్టేస్తుంది. ఇలా తే ఆ దిక్కుమాలిన ట్యాబ్!”

“లాక్కుంటే నేనేం చూడను?”

పిచర్ తలెత్తాడు. ఎదురుగా స్కోరుబోర్డు, అవతలి జట్టు హిట్ల గడిలో సున్నా; ఆ సున్నా చివరిదాకా నిలిస్తే ఏ పిచర్‌కైనా అరుదైన ఘనతే.

“అరె... వాళ్లు ఇప్పటిదాకా ఒక్క హిట్టూ కొట్ట...”

క్యాచర్ గ్లౌజుతో వాడి నోరు మూసేశాడు. కాసేపటికి తీశాడు.

“ఇది తెలిశాక ఇక బంతి ఎలా వెయ్యనురా?”

“ఇదిగో నీ ట్యాబ్. చూస్కో నాయనా. బంతి ఎందుకు తిరగట్లేదో బాగా చూస్కో.”