కాసింబీ వేలు, నా వేలు

"మామ్మా, రేపు గాజువాకలో బాబాయి పచ్చళ్ళ యూనిట్ తనిఖీకి మా ఫుడ్ సేఫ్టీ ఆఫీసు నుంచి నన్నే పంపుతున్నారు. ముందుగా చెప్పకుండా వెళ్ళాలి. బాబాయైతే ఏమిటి? నిబంధన ముందు అందరూ సమానమే. నిష్పక్షపాతంగానే చూస్తాను."

సూత్తావు, సూత్తావు. కూకో. నాను హార్బరు కాడ రొయ్యల కంపినీలో వొలిసేదాన్ని కదా, పదేళ్ళు... కాదు, మీ నాన్న పెళ్ళయ్యాక కూడా ఎల్లాను, పన్నెండేళ్ళు. నా ఒంటికి నీసు వాసనని మీ తాత ఒకటే గొడవ. జీతం వాసనొచ్చీది కాదనుకుంటాను ఆయనికి. టీ అర్ధరూపాయి అప్పుడు.

సుబ్బరం సూసీ ఆడిటర్ వొత్తన్నాడంటే మా కాడ పెళ్ళిసూపులే. ముందురోజే కబురొచ్చీది. బీరువాలోంచి కొత్త టోపీలు, సేతి తొడుగులు తీసి పంచీవోరు. ఆయన జీపెక్కగానే మళ్ళీ బీరువాలో ఎట్టీసీవోరు. ఓపాలి ఒక టోపీ తగ్గితే గేటు కాడ అందరి సంచులూ ఎతికారు. రొయ్యల్లో జుట్టు పడితే అంత ఎతికీవోరు కాదు. ఏటి సెప్తన్నాను?

ఆఁ, నా వేలి సంగతి. ఆ ఏడు ఆడిటరుగా వొచ్చినాది ఎవులనుకున్నావు? మా ఆడబిడ్డ కూతురు సత్తివతి. నిజాయితీ గల పిల్లే. కంపినీవోలు ఎట్టిన జీడిపప్పు కూడా ముట్టలేదు. ఆ పొద్దున్నే నా వేలికి రొయ్య ముల్లు దిగిపోయింది. నా పక్కన కాసింబీ అని, పాతూరి పిల్ల, దానికీ దిగింది. ఇద్దరం ఒకే పాత సీర సింపి వేలికి కట్టుకున్నాం. సేతికి దెబ్బుంటే రొయ్య ముట్టకూడదు మరి, అదీ రూలు.

సత్తివతి నా కాడికొచ్చింది. "అత్తా, బాగున్నావా?" అనీసి ముందుకెల్లింది. రెండడుగులు. కాసింబీ కాడ ఆగి, కాయితం తీసి రాసింది.

అబద్ధం రాయలేదమ్మా. రాసిందంతా నిజమే.

కాసింబీని ఆ పూటే పంపించీసినారు, వేలు మానినోరకూ రావొద్దని. కంపినీకి సర్టిఫికెట్టు వొచ్చీసింది, ఫ్రేము కట్టి గోడకి తగిలించారు. నాను అదే గుడ్డతో సాయంత్రం దాకా వొలిసాను. ఆ రొయ్యలు ఏ దేశమెల్లాయో, ఎవులు తిన్నారో. నోరిప్పలేదు నాను.

తిరిగొచ్చాక కాసింబీ ఒక్కమాటే అన్నాది. "మీ మేనకోడలి కళ్ళు బలేవి అక్కా, నా కాడికొచ్చాకే తెరుసుకున్నాయి." ఆ పూట నుంచి ఏరే బల్ల కాడ కూకుంది.

సత్తివతి కావాలని సెయ్యలేదు గుంటా. నా కాడ మొకం సూసింది, వేలు కనపళ్ళేదు. కాసింబీ మొకం తెలీదు కదా, వేలు కనపడ్డాది.

అందుకని నువ్వెల్లకు. ఆఫీసుకి ఫోన్ సేసి మా బాబాయిదని సెప్పీ. ఇంకొకల్ని పంపుతారు. మీ బాబాయి అలిగితే అలగనీ. ఆడు నా కడుపున పుట్టినోడే, నాను సూసుకుంటాను.

ఇంకోటి. పొద్దున్న ఆడొచ్చాడు. కొత్త టోపీలు రెండు డజన్లు కొన్నాడంట, ఒకటి ఎట్టుకుని మరీ సూపించాడు. సెప్పకుండా ఎల్లీ తనికీ కదా ఇది. ఆడికెలా తెలిసినాది?

మీ నాన్నతో అన్నావా?

ఊఁ. తల దించుకోకు. అది కూడా ఆఫీసుకి సెప్పీ. సల్లగా ఉండు తల్లీ, పదిమంది తినీ కూడు సూసీ పని నీది. లే, సెయ్యి కడుక్కో, వొడ్డిత్తాను.

సబ్బెట్టి.